లాస్‌లెస్ పాటలకు కంప్యూటర్ ప్లేయర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఫ్లాక్ ఫైళ్లు, అంటే శబ్దంలో ఏమీ పోకుండా కుదించిన (లాస్‌లెస్) పాటల ఫైళ్లు, కూడబెట్టడం మొదలుపెట్టిన ప్రతివారూ ముందుగా అడిగేది, ఏ ప్లేయర్‌లో సౌండ్ బాగుంటుందని. ప్రశ్న సహజమైనదే గాని, ప్లేయర్ ఎంపికను అక్కడ మొదలుపెట్టకూడదు. లాస్‌లెస్ ఫైల్‌లో కుదించి పెట్టిన శబ్దాన్ని సరిగా విప్పగలిగిన ప్లేయర్ ఏదైనా సరే, దాని నుంచి వచ్చే, శబ్దాన్ని సూచించే అంకెలు ఒక్క బిట్టు తేడా లేకుండా ఒకటే అవుతాయి. ఉచితంగా దొరికేది విప్పినా, వేలు పోసి కొన్నది విప్పినా అంతే. తేడాలు వచ్చేది ఆ అంకెలు ప్లేయర్‌ను దాటి కంప్యూటర్ లోపల సాగే దారిలో, ఒక ట్రాకు ముగిసి మరొకటి మొదలయ్యే సందులో, అన్నిటికంటే ఎక్కువగా వేల ఫైళ్లలో మీకు కావలసిన కృతిని గాని సినిమా పాటను గాని వెతికి పట్టుకోవడంలో. విజయవాడలోనో గుంటూరులోనో ఇంట్లో ఒక మామూలు కంప్యూటర్, హార్డ్ డిస్కు నిండా కర్ణాటక సంగీత కచేరీలు, పాత తెలుగు సినిమా పాటలు ఉన్న శ్రోతను దృష్టిలో పెట్టుకొని, ఏ పని తరువాత ఏ పని చేయాలో వరుసగా చెబుతున్నాను.

మొదటి పని: మీ దగ్గర ఏ ఫైళ్లు ఉన్నాయో చూసుకోండి

హార్డ్ డిస్కు తెరిచి ఫైళ్ల రకాలను బట్టి ఒకసారి వేరు చేసి చూడండి. సాధారణంగా మూడు రకాలు కనబడతాయి. ఫ్లాక్ 2001లో మొదటి పూర్తి రూపంలో విడుదలైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రమాణం కనుక నేడు ఎక్కువ సేకరణలు ఇందులోనే ఉంటాయి. ఏలాక్ ఆపిల్ సంస్థ 2004లో తెచ్చినది. 2011లో దాని మూలాన్ని అందరికీ తెరిచారు. ఐఫోన్, మ్యాక్ వాడేవారి దగ్గర ఇది ఎక్కువ. మూడవది వేవ్. ఇందులో కుదింపు సాధారణంగా ఉండదు కనుక సీడీ నాణ్యత గల శబ్దం నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. అదే ఫ్లాక్‌లో పెడితే చాలా వరకు ఆ పరిమాణంలో సగానికి అటూ ఇటూగా వస్తుంది.

ఫ్లాక్ ఫైళ్ల పరిమాణాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని కంగారు పడనవసరం లేదు. ఘంటసాల (1922–1974) కాలపు సినిమా పాటలలో ఎక్కువ భాగం మోనో రికార్డింగులు. సీడీలో వాటిని ఎడమకూ కుడికీ ఒకే శబ్దంగా పెట్టి ఉంటే, రెండు చానెళ్ల మధ్య తేడా శూన్యమని ఫ్లాక్ గుర్తించి రెండవదానికి దాదాపు చోటే కేటాయించదు. అందుకే అలాంటి పాట నిన్నమొన్నటి స్టీరియో పాటలో సగం పరిమాణంలోనే ఉండవచ్చు. అదే పాటను ఎవరైనా గ్రామఫోన్ రికార్డు నుంచి స్టీరియోగా ఎక్కించి ఉంటే, రెండు పక్కలా సూది చేసే చిటపటలు వేరు వేరుగా ఉంటాయి కనుక ఫైల్ పెద్దదవుతుంది. ఫ్లాక్ చేసేటప్పుడు ఎంచుకునే 0 నుంచి 8 వరకు గల స్థాయిలు కూడా కుదింపుకు పట్టే సమయాన్ని, ఫైల్ పరిమాణాన్ని మాత్రమే మారుస్తాయి, శబ్దాన్ని తాకవు.

ఒక సీడీ అంతా ఒకే పెద్ద ఫైల్‌గా, పక్కన క్యూ అనే చిన్న ఫైల్‌తో ఉన్నవి ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి. ఎంపికలో ఇవి ముఖ్యం, ఎందుకంటే క్యూ ఫైల్‌ను చదివి ట్రాకులుగా విడదీసి చూపే సౌకర్యం అన్ని ప్లేయర్లలోనూ లేదు.

రెండవ పని: పేరుకు లాస్‌లెస్సా, నిజంగానా తేల్చుకోండి

పాటలు పెన్‌డ్రైవ్‌లో నింపి ఇచ్చిన చోట నుంచి గాని, చేతులు మారుతూ వచ్చిన హార్డ్ డిస్కు నుంచి గాని తెచ్చుకున్న ఫైళ్ల విషయంలో ఈ పని తప్పదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చడానికి ఒక్క నిమిషం చాలు. అలా మార్చితే ఫైల్ బరువు పెరుగుతుంది గాని, ఎంపీ3 చేసినప్పుడు పోయిన శబ్దం తిరిగి రాదు. అలాంటి ఫైల్‌కు ఎంత మంచి ప్లేయర్ వెతికినా వృథా.

స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో గాని, ఆడాసిటీలో గాని ఫైల్‌ను తెరిస్తే, కాలం అడ్డంగా, శబ్దపు పౌనఃపున్యం నిలువుగా ఉన్న రంగుల పటం కనబడుతుంది. సీడీ శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి అంకెలుగా రాశారన్నది, 44.1 కిలోహెర్ట్జ్ కనుక ఆ పటం అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా సాగుతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఎంపీ3 నుంచి వచ్చిన ఫైల్‌లో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు అడ్డగీత ఉండి, పైన అంతా నలుపు కనబడుతుంది.

ఇక్కడ మన పాటలకు సంబంధించిన జాగ్రత్త ఒకటి ఉంది. పైభాగం నల్లగా ఉన్న ప్రతి ఫైలూ దొంగ ఫైల్ కాదు. పాత సినిమా శబ్దపట్టీలలోను, చాలా మార్లు తిప్పిన టేపులలోను పై పౌనఃపున్యాలు మొదటి నుంచీ తక్కువే. 1948లో ప్రసారాలు మొదలుపెట్టిన ఆకాశవాణి విజయవాడ కేంద్రం కచేరీలను క్యాసెట్ల రోజుల్లో ఇళ్లలో మీడియం వేవ్ రేడియో ముందు క్యాసెట్ పెట్టి రికార్డు చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. మీడియం వేవ్‌లో ఒక్కొక్క స్టేషన్‌కు కేటాయించే వెడల్పే తక్కువ కనుక, రేడియో నుంచి వచ్చే శబ్దంలోనే పైభాగం ఉండదు. ఆ క్యాసెట్టును మీరు జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫ్లాక్‌గా దాచుకుంటే అది అక్షరాలా లాస్‌లెస్సే, పటం ఎంత నల్లగా ఉన్నా సరే. గుర్తుపట్టవలసింది అంచును: టేపులోనూ రేడియోలోనూ శబ్దం పైకి పోయేకొద్దీ పలచబడుతుంది, పైన సన్నని రొద మిగిలి ఉంటుంది, ఎంపీ3లో అంచు ఒకే ఎత్తులో, ఒకే గీతగా తెగుతుంది.

ఫ్లాక్‌కు ఉన్న మరొక మంచి గుణాన్ని కూడా ఈ దశలోనే వాడుకోండి. ఫైల్ తయారైనప్పుడే అసలు శబ్దానికి ఒక గుర్తింపు సంఖ్యను, ఎండీ5 అంటారు దానిని, లెక్కగట్టి ఫైల్ మొదట్లోనే రాసి పెడతారు. ఫైల్‌ను మళ్లీ విప్పి ఆ సంఖ్యతో పోలిస్తే, పాత హార్డ్ డిస్కులో ఏవైనా బిట్లు చెడ్డాయో లేదో ఖచ్చితంగా తెలుస్తుంది. వేవ్‌లో ఈ సౌకర్యం లేదు. నా దృష్టిలో వేవ్ ఫైళ్లను ఫ్లాక్‌గా మార్చి దాచుకోవడానికి చోటు ఆదా కంటే ఇదే పెద్ద కారణం. కుటుంబంలోని పాత క్యాసెట్లను ఎక్కించుకున్నవారు మరీ ముఖ్యంగా ఈ పరీక్షను ఏడాదికొకసారి చేయించాలి, ఆ టేపు ఇంకొకచోట దొరకదు గదా.

మూడవ పని: శబ్దం వెళ్లే దారిని సరిచేయండి

చాలామంది ప్లేయర్ లోపమనుకొనేది ఇక్కడ జరుగుతుంది. విండోస్‌లో పాట, వాట్సాప్ గంట, బ్రౌజర్‌లోని వీడియో అన్నీ ఒకేసారి వినబడాలంటే వాటన్నిటినీ కలిపే ఒక మిక్సర్ ఉండాలి. ఆ మిక్సర్ ఒకే శాంపిల్ రేటు మీద నడుస్తుంది. చాలా కంప్యూటర్లలో అది 48 కిలోహెర్ట్జ్‌గా పెట్టి ఉంటుంది. మీ సీడీ ఫైల్ 44.1 కనుక, దారి మధ్యలో విండోస్ దానిని 48కి మార్చి పంపుతుంది. చెవికి ఈ మార్పు తెలియకపోవచ్చు, నిజానికి చాలా సందర్భాలలో తెలియదు కూడా. అయినా లాస్‌లెస్ కోసం ఇంత శ్రమ పడ్డవారు చివరి అంగలో అంకెలు మారిపోవడానికి ఒప్పుకోనక్కరలేదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. సులువైనది, కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ సెట్టింగులలో మీ స్పీకర్ల మీద లేదా డ్యాక్ (అంకెలను శబ్దంగా మార్చే పరికరం) మీద నొక్కి, ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ అనే పేజీలో డిఫాల్ట్ ఫార్మాట్‌ను 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చుకోవడం. మీ ఫైళ్లన్నీ సీడీ నుంచి వచ్చినవే అయితే రేటు మార్చే పని ఇంతటితో తప్పుతుంది. రెండవది, ప్లేయర్‌లోనే వాసాపి ఎక్స్‌క్లూజివ్ అనే పద్ధతిని ఎంచుకోవడం. అప్పుడు ప్లేయర్ మిక్సర్‌ను పక్కన పెట్టి, శబ్ద పరికరాన్ని పూర్తిగా తన చేతిలోకి తీసుకొని, ఫైల్ ఏ రేటులో ఉంటే ఆ రేటులోనే అంకెలను పంపుతుంది. పాట నడుస్తున్నంతసేపు మిగిలిన ప్రోగ్రాముల శబ్దం ఆ పరికరంలో రాదు. ఇంట్లో అదే కంప్యూటర్ మీద పిల్లల ఆన్‌లైన్ తరగతి కూడా నడుస్తుంటే ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

కాబట్టి విండోస్ వాడేవారు ఎంపికలో పెట్టుకోవలసిన మొదటి నిబంధన: ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ అవుట్‌పుట్ ఉండాలి. మ్యాక్‌లో ఇదే పని ఆడియో మిడి సెటప్ అనే ప్రోగ్రామ్‌లో రేటు ఎంచుకోవడం ద్వారా చేస్తారు. ఆడిర్వానా వంటి ప్లేయర్లు పాటను బట్టి తామే రేటు మార్చుతాయి. లైనక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ అనే భాగం మామూలుగా 48 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది కనుక, అందులో 44.1ని కూడా అనుమతించిన రేట్ల జాబితాలో చేర్చుకోవాలి, లేదా పైప్‌వైర్‌ను దాటి వెళ్లేలా ప్లేయర్‌లో అల్సా అనే పేరుతో కనబడే పరికరాన్ని నేరుగా ఎంచుకోవాలి.

సరిచేశారో లేదో తెలుసుకోవడానికి, శాంపిల్ రేటును దీపం రంగుతో గాని తెర మీద అంకెతో గాని చూపే డ్యాక్ మీకు ఉంటే, ఒక 44.1 ఫైల్‌ను, తరువాత ఒక 96 ఫైల్‌ను వేసి చూడండి. పాట మారినప్పుడు దీపం రంగు మారితే దారి సరిగా ఉన్నట్టు. రెండింటికీ ఒకే రంగు వెలుగుతుంటే మధ్యలో ఎవరో రేటు మార్చుతున్నారన్న మాట.

ఒకటి రెండు చిన్న విషయాలు. ప్లేయర్‌లో వాల్యూమ్‌ను నిండుగా ఉంచి, తగ్గించడం పెంచడం ఆంప్లిఫయర్‌లో చేయండి. ఈక్వలైజర్ వాడదలిస్తే నిరభ్యంతరంగా వాడండి, అయితే అప్పుడు అంకెలు మారుతున్నాయని తెలిసి వాడండి. బ్లూటూత్ స్పీకర్లకు పంపుతుంటే ఈ దశనంతా వదిలేయవచ్చు, ఎందుకంటే గాలిలో పోయేటప్పుడు శబ్దం సాధారణంగా మళ్లీ నష్టంతోనే కుదించబడుతుంది. ఎక్కువ నాణ్యత కలదని చెప్పే ఎల్‌డాక్ కూడా 990 కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది, సీడీ శబ్దానికి 1,411 కావాలి. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు పెట్టినప్పుడు స్పీకర్లలో గుంయ్‌మని మోత వచ్చి, చార్జర్ తీస్తే పోతుంటే, అది కరెంటు తీగల ఎర్తింగ్‌కు సంబంధించిన లోపం. ప్లేయర్ మార్చితే పోదు.

24 బిట్ల ఫైళ్ల గురించి కూడా ఇక్కడే ఒక మాట. శబ్దపు ఒక్కొక్క కొలతను రాయడానికి సీడీలో 16 బిట్లు, వీటిలో 24 బిట్లు వాడతారు. 16 బిట్లకు అందే అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య అంతరం సుమారు 96 డెసిబెల్స్. మే నెలలో బెజవాడ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుకొని వినే శ్రోతకు ఆ అంతరంలో అడుగు భాగమంతా ఫ్యాన్ రొదలోనే కలిసిపోతుంది. 24 బిట్ల ఫైల్ ఉంటే సంతోషంగా వినండి. దానికోసం మాత్రం ప్లేయర్ మీద గాని, ఫైళ్ల మీద గాని అదనంగా డబ్బు పెట్టమని నేను చెప్పను.

నాలుగవ పని: తంబురా తెగకుండా చూడండి

ఆరాధనోత్సవంలో బృందంగా పాడిన అయిదు పంచరత్న కృతుల రికార్డింగు ఏదైనా మీ దగ్గర ఉంటే, ప్లేయర్‌ను పరీక్షించడానికి అంతకంటే మంచి ఫైల్ లేదు. నాటలో కృతి ముగుస్తుంది, జనం సద్దు, శ్రుతి అలాగే కొనసాగుతుండగా గౌళ మొదలవుతుంది. సీడీలో వీటిని వేరు వేరు ట్రాకులుగా కోసి ఉంటారు గాని, నిజానికి మధ్యలో నిశ్శబ్దం లేదు. గ్యాప్‌లెస్, అంటే ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా వినిపించే సౌకర్యం లేని ప్లేయర్ ఒక ఫైల్‌ను మూసి మరొకదానిని తెరిచే లోపల తంబురా ఒక్కసారి చటుక్కున తెగి, మళ్లీ అందుకుంటుంది. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉన్న కచేరీలో ఇది మరీ చికాకు పెడుతుంది.

అందుచేత గ్యాప్‌లెస్ అన్నది రెండవ నిబంధన. అన్ని రకాల ఫైళ్లనూ తెరవగలదని పేరు పొందిన వీఎల్‌సీని సంగీతానికి ముఖ్య ప్లేయర్‌గా నేను సిఫారసు చేయకపోవడానికి ఇదే కారణం. దాని 3వ తరం రూపాలలో ఈ సౌకర్యం లేదు. సినిమాలకు, ఏదైనా వింత ఫైల్ తెరుచుకోనప్పుడు పరీక్షించడానికి దానిని ఉంచుకోండి. కొన్ని ప్లేయర్లలో ఒక పాట చివరను మరొక పాట మొదలులో కలిపే క్రాస్‌ఫేడ్ అనే ఏర్పాటు ఉంటుంది. అది గ్యాప్‌లెస్ కాదు, కచేరీ వినేటప్పుడు దానిని ఆపి ఉంచండి.

ఇదే వరుసలో వాల్యూమ్ సంగతి కూడా చూడాలి. పాత సినిమా పాట తరువాత ఈ మధ్య వచ్చిన పాట వేస్తే ఉలిక్కిపడేంత తేడా ఉంటుంది. దీనిని సర్దడానికి 2001లో ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతి అనేక ప్లేయర్లలో ఉంది. అది ఫైల్‌లోని శబ్దాన్ని మార్చకుండా, ఎంత పెంచాలో తగ్గించాలో ఒక అంకెను ట్యాగులో, అంటే ఫైల్‌లోనే పాట వివరాలు రాసుకునే చోట, రాసి పెడుతుంది. ఇందులో ట్రాకు వారీగా సర్దేది, ఆల్బమ్ మొత్తానికి ఒకే కొలతగా సర్దేది అని రెండు రకాలు. సినిమా పాటలను కలిపి వినేటప్పుడు మొదటిది, కచేరీకి రెండవది పెట్టుకోండి. కచేరీకి మొదటిది పెడితే, మెల్లగా సాగవలసిన ఆలాపన తనియావర్తనంతో సమానంగా బిగ్గరగా వినబడుతుంది. రీప్లేగెయిన్ పని చేస్తున్నంతసేపు అంకెలు మారుతూనే ఉంటాయి, అందువల్ల పై దశలో చెప్పిన ఖచ్చితత్వం కావలసిన రోజున దానిని ఆపుకోగలిగేలా ఉండాలి.

అయిదవ పని: తెలుగులో వెతికితే దొరుకుతుందా?

నేను ప్లేయర్లను తూచే అసలు తక్కెడ ఇదే. కొద్ది వందల ఫైళ్లకు ఫోల్డర్లు చాలు. అయిదారు వేలు దాటాక, ఓలేటి వెంకటేశ్వర్లు పాడిన తోడి ఏ ఫోల్డర్‌లో ఉందో జ్ఞాపకం పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అప్పుడు ట్యాగులే దిక్కు.

మన సంగీతానికి ట్యాగులు రాసేటప్పుడు వచ్చే చిక్కు, ప్లేయర్లలో సాధారణంగా ఉండే గడులు పాశ్చాత్య పాటలకు ఏర్పరచినవి కావడం. ఆర్టిస్ట్, ఆల్బమ్, జానర్ ఉంటాయి. రాగం, తాళం, పక్కవాద్యాలు ఉండవు. ఫ్లాక్‌లో మీకు కావలసిన పేరుతో కొత్త గడిని చేర్చుకునే వీలుంది. అయితే గడి పేరు ఆంగ్ల అక్షరాలలోనే ఉండాలి, గడిలో రాసే విషయం మాత్రం తెలుగులో ఉండవచ్చు. అంటే రాగ అన్న పేరును ఆంగ్ల అక్షరాలలో పెట్టుకొని, అందులో తెలుగులో తోడి, కల్యాణి, మోహన అని రాసుకోవాలి. విషయాన్ని ఆంగ్ల లిపిలో రాయకపోవడమే మేలని నా అభిప్రాయం. త్యాగరాజు పేరునే ఆంగ్ల అక్షరాలలో నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు. తెలుగులో రాస్తే ఒక్క రూపంలో నిలుస్తుంది, వెతికితే అన్నీ ఒక్క చోట వచ్చి పడతాయి.

ఇక సినిమా పాటల విషయంలో, ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిని ఖాళీగా వదలకండి. ఒక సినిమాలో నలుగురు గాయకులు పాడి ఉంటే, ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడు చాలా ప్లేయర్లు ఆ సినిమాను నాలుగు ముక్కలు చేసి చూపుతాయి. అందులో సంగీత దర్శకుని పేరు గాని, వివిధ గాయకులు అని గాని రాస్తే సినిమా ఒక్కటిగా నిలుస్తుంది. గాయకుని ఆర్టిస్ట్‌లోను, సంగీత దర్శకుని కంపోజర్‌లోను, కవిని లిరిసిస్ట్‌లోను రాయండి. ఘంటసాల పాడినవి వేరు, సంగీతం కూర్చినవి వేరు కనుక ఈ విభజన లేకపోతే వెతుకులాట గందరగోళమవుతుంది. ఒకేసారి వందల ఫైళ్లకు ట్యాగులు రాయడానికి ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్ అనువుగా ఉంటుంది; పేరు అలా ఉన్నా ఫ్లాక్‌కూ పని చేస్తుంది.

ఫైల్ పేర్లకు మాత్రం నేను దీనికి విరుద్ధంగా చెబుతాను: చిన్నవిగా, ఆంగ్ల అక్షరాలలో ఉంచండి. లైనక్స్‌లో సాధారణంగా ఒక ఫైల్ పేరు 255 బైట్లకు మించకూడదు, తెలుగులో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడుతుంది. శ్రీ అన్నది కంటికి ఒక అక్షరమే గాని, శ, విరామం, ర, దీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. కృతి పేరు, రాగం, తాళం, విద్వాంసుని పేరు అన్నీ తెలుగులో ఫైల్ పేరుగా పెడితే, విండోస్‌లో బాగానే ఉన్నది లైనక్స్ డిస్కుకు కాపీ కాకుండా మొరాయిస్తుంది. వివరమంతా ట్యాగులో ఉన్నప్పుడు ఫైల్ పేరుకు వరుస సంఖ్య, ఒకటి రెండు మాటలు చాలు.

పరీక్ష ఇలా చేయండి. ఒక పది ఫైళ్లకు పూర్తిగా తెలుగు ట్యాగులు రాసి, మీరు ఆలోచిస్తున్న ప్లేయర్‌లో తెరవండి. అక్షరాలకు బదులు డబ్బాలు కనబడుతున్నాయా, ఒత్తులు విడిపోతున్నాయా చూడండి. విండోస్ 10, 11లలో నిర్మలా అనే ఫాంటు తెలుగును సరిగా చూపుతుంది, ప్లేయర్ సెట్టింగులలో ఆ ఫాంటును ఎంచుకుంటే చాలా వరకు సరిపోతుంది. సొంత అలంకారపు తొడుగులతో వచ్చే కొన్ని ప్లేయర్లలో ఆ అవకాశం ఉండదు. తరువాత వెతుకు గడిలో తోడి అని తెలుగులో కొట్టి చూడండి. ఆపైన ప్లేయర్‌లోనే ఒక ట్యాగును మార్చి, అదే ఫైల్‌ను మరొక ప్రోగ్రామ్‌లో తెరవండి. మార్పు అక్కడ కనబడకపోతే, ఆ ప్లేయర్ మీ మార్పులను ఫైల్‌లో కాక తన సొంత జాబితాలో మాత్రమే దాచుకుంటోందని అర్థం. అలాంటి ప్లేయర్‌ను వదిలేయండి, ఎందుకంటే రేపు కంప్యూటర్ మారిస్తే మీ కష్టమంతా పోతుంది. క్యూ ఫైళ్లలో తెలుగు చెత్త అక్షరాలుగా కనబడితే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయండి.

ఆరవ పని: పేర్లు పెట్టి ఎంచుకోవడం

పై నిబంధనలతో చూస్తే జాబితా పెద్దగా మిగలదు. విండోస్‌లో నా మొదటి ఓటు ఫూబార్2000కు. 2002 నుంచి వస్తున్న ఈ ఉచిత ప్లేయర్ మొదటిసారి తెరిచినప్పుడు రెవెన్యూ కార్యాలయపు అడంగల్ పుస్తకంలా గళ్లతో, బోసిగా కనబడుతుంది. ఆ రూపం చూసి పక్కన పెట్టేవారే ఎక్కువ. అయితే ఫ్లాక్, ఏలాక్, వేవ్, క్యూ అన్నీ నేరుగా తెరుస్తుంది, గ్యాప్‌లెస్ ఉంది, రీప్లేగెయిన్ లెక్కగట్టడం అందులోనే ఉంది, మీరు కల్పించిన రాగం గడిని ఒక నిలువు వరుసగా తెర మీద చూపగలదు. ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్, అందులో అవుట్‌పుట్ తెరిచి, మీ పరికరం పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదానిని ఎంచుకుంటే మూడవ దశ పని అయిపోతుంది. ఫైళ్లు చెడ్డాయో లేదో చూసే వెరిఫయర్ అనే అదనపు భాగాన్ని కూడా చేర్చుకోండి.

ఇంట్లో అందరూ వాడాలి, సినిమా పోస్టరు బొమ్మ చూసి పాట నొక్కాలి అనుకుంటే మ్యూజిక్‌బీ మేలు. ఇదీ ఉచితమే, వాసాపి ఎక్స్‌క్లూజివ్ ఇందులోనూ ఉంది, సొంత ట్యాగులు కల్పించుకోవచ్చు. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే కచేరీలు ఎక్కువ ఉన్నవారు ఫూబార్‌ను, సినిమా పాటలు ఎక్కువ ఉన్నవారు మ్యూజిక్‌బీని తీసుకోవడం మంచిది.

మ్యాక్‌లో ఉన్నవారికి ముందుగా తేలవలసింది ఫైళ్ల రకం. కంప్యూటర్‌తో వచ్చే మ్యూజిక్ అనే ప్రోగ్రామ్ ఫ్లాక్‌ను తన లైబ్రరీలోకి తీసుకోదు. ఐఫోన్‌లోకి కూడా పాటలు పంపుకోవాలనుకుంటే ఫ్లాక్‌ను ఏలాక్‌గా మార్చుకోండి. లాస్‌లెస్ నుంచి లాస్‌లెస్‌కు మార్చడంలో శబ్దం ఏమీ పోదు, అవసరమైతే మళ్లీ వెనక్కు మార్చుకోవచ్చు. మార్చడం ఇష్టం లేకపోతే ఫూబార్2000కు మ్యాక్ రూపం కూడా ఉంది, డబ్బు పెట్టగలిగితే ఆడిర్వానా ఉంది. లైనక్స్‌లో స్ట్రాబెర్రీ, డెడ్‌బీఫ్ రెండూ మంచివే. స్ట్రాబెర్రీలో లైబ్రరీ చూపు బాగుంటుంది, రాగాన్ని గ్రూపింగ్ అనే గడిలో రాసుకుంటే పని జరుగుతుంది.

డబ్బు పెట్టి కొనే జేరివర్, రూన్ వంటివాటి సంగతి: అవి మంచి ప్రోగ్రాములే, ఇంట్లో నాలుగు గదులకు ఒకే చోట నుంచి పాట పంపడం, పెద్ద సేకరణను అందంగా చూపడం వాటి బలం. శబ్దం మెరుగవుతుందని మాత్రం కొనకండి. గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో దుకాణంలో ఎవరైనా ఫలానా ప్లేయర్‌లో గాత్రం విచ్చుకుంటుందని చెబితే, రెండు ప్లేయర్లలోనూ వాల్యూమ్‌ను సరిగ్గా సమానం చేసి, ఏది నడుస్తోందో మీకు తెలియకుండా మరొకరిని మార్చమనండి. కొద్దిపాటి బిగ్గరతనమే చెవికి మెరుగుదలగా తోస్తుంది. ఫూబార్‌లో ఏబీఎక్స్ అనే అదనపు భాగంతో ఇలాంటి పరీక్షను రెండు ఫైళ్ల మధ్య ఒంటరిగానే చేసుకోవచ్చు. మీ ఫ్లాక్‌కు, దాని నుంచే చేసిన 320 కేబీపీఎస్ ఎంపీ3కి తేడా మీ చెవి పడుతుందో లేదో ఒక సాయంత్రం చూసుకోండి. తేడా తెలియకపోయినా ఫ్లాక్‌ను పారేయనక్కరలేదు. ఫోనుకో కారుకో ఏ రూపం కావాలంటే ఆ రూపంలోకి తీయగలిగే మూలప్రతి అదే.

ప్లేయర్ తేలిన తరువాత, మొత్తం డిస్కును ఒక్కసారిగా దానికి అప్పగించకండి. ముందు ఆ డిస్కుకు మరొక డిస్కు మీద పూర్తి నకలు తీసుకోండి. రెండవ డిస్కును వీలైతే వేరే ఇంట్లో ఉంచండి. తరువాత ఒక కచేరీ, ఒక సినిమా, ఒక క్యూ ఫైల్, ఒక 96 కిలోహెర్ట్జ్ ఫైల్ ఉన్న చిన్న ఫోల్డర్‌తో వారం రోజులు వాడండి. ఆ వారంలో ట్యాగులను ప్లేయర్ తనంతట తాను ఇంటర్నెట్ నుంచి తెచ్చి మార్చే సెట్టింగు ఏదైనా ఉంటే ఆపేయండి. కర్ణాటక సంగీతానికి అక్కడి నుంచి వచ్చే వివరాలలో రాగం పేరు ఆల్బమ్ గడిలోకి, మృదంగ విద్వాంసుడు గాయకుని స్థానంలోకి చేరడం మామూలే. అంతా సరిగా ఉందనిపించాక మిగిలిన ఫోల్డర్లను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ, చేర్చిన ప్రతిదానికీ వెరిఫయర్‌ను ఒకసారి నడిపి, చెడిన ఫైల్ కనబడితే నకలు డిస్కు నుంచి అప్పటికప్పుడే మార్చుకోండి.